వేసవి సెలవుల్లో లంక: పడమర వద్దు, తూర్పు ముద్దు

నాలుగేళ్ల కిందట మే నెలలో శ్రీలంక వెళ్లి, దక్షిణ తీరంలోని ఉనవటునలో ఐదు రోజులు కిటికీలోంచి సముద్రం చూసి వచ్చాం. ఒడ్డున ఎర్రజెండా, ఆకాశంలో మబ్బు, గదిలో ఐదేళ్ల మావాడి ఏడుపు. కొన్న ఇసుక బొమ్మలు కవరు చింపకుండానే హైదరాబాద్ తిరిగొచ్చాయి. తప్పు ఆ ఊరిది కాదు, నెల చూసుకోని మాది. నైరుతి రుతుపవనం మేలోనే అక్కడికి చేరుతుంది. పడమర, దక్షిణాల్లోని గాలె, హిక్కడువ, మిరిస్స తీరాలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటాయి. తూర్పు తీరం లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా ఎండ, నిమ్మళంగా ఉండే నీళ్లు. మన బళ్లకి సెలవులిచ్చేది సరిగ్గా అప్పుడే. సంక్రాంతి సెలవులకైతే దక్షిణం వెళ్లండి, వేసవికైతే తూర్పున ట్రింకోమలీ వైపు తిరగండి.

ఈసారి మేం తిరిగింది అటే. ఎనిమిది రోజులు, ఐదుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ల వాడు, ఐదేళ్ల పాప, అత్తయ్య. హైదరాబాద్ నుంచి కొలంబోకి నేరుగా దాదాపు రెండు గంటలు. గడియారం కూడా మనదే కాబట్టి పాప నిద్ర వేళలు చెడలేదు. ఇ-వీసాకి మాత్రం అక్కడి ప్రభుత్వ సైట్‌లోనే దరఖాస్తు పెట్టండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు పైన తమ రుసుమూ కలుపుతాయి.

విమానాశ్రయం నుంచి ట్రింకోమలీ 250 కిలోమీటర్ల పైచిలుకు. మ్యాప్‌లో చిన్నదిగానే కనిపిస్తుంది గానీ రోడ్డు చాలాచోట్ల రెండు లేన్లే, పిల్లలతో ఏడు గంటలు పట్టేస్తుంది. అందుకే మధ్యలో సిగిరియలో రెండు రాత్రులు ఆగాం. డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకున్నాం. ఐదుగురికీ సామాన్లకీ కారు చాలదు. డ్రైవర్‌కి పడక, భోజనం చాలా హోటళ్లు ఇస్తాయి, చిన్న గెస్ట్‌హౌస్‌లు మాత్రం ఇవ్వకపోవచ్చు. ముందే అడగాలి. మా డ్రైవర్ మంచివాడే, కానీ దారిలో మాతలె దగ్గర సుగంధ ద్రవ్యాల తోటకి తీసుకెళ్లకుండా ఉండలేకపోయాడు. గంటసేపు నూనెలూ లేహ్యాలూ చూపించాక అత్తయ్య తేల్చేశారు: “మిరియాలు చూడ్డానికి సముద్రం దాటి రావాలటమ్మా?”

సిగిరియ గురించి నిజం చెప్పాలంటే, తొమ్మిదేళ్ల వాడికి అదే యాత్ర మొత్తానికీ గొప్ప. ఐదో శతాబ్దంలో కాశ్యపుడు కొండ నెత్తిన కట్టుకున్న కోట, దాదాపు 1,200 మెట్లు. పాప సింహం పంజాల దాకా హుషారుగా ఎక్కి అక్కడే చతికిలబడింది. మిగతాది మా ఆయన భుజాల మీద! ఆ నడుం నొప్పి ఇంకా పూర్తిగా పోలేదు. ఆరేళ్లలోపు పిల్లలుంటే ఒకరు కింద తోటల్లో ఆగిపోవడం మేలు, అత్తయ్య చేసింది అదే. టికెట్ దగ్గర పాస్‌పోర్ట్ చూపించి సార్క్ ధర (దక్షిణాసియా దేశాల వాళ్లకిచ్చే తగ్గింపు) ఉందేమో అడగండి. ఏనుగుల జీపుల వాళ్లు మందలు మందలు చూపిస్తామంటారు. దగ్గర్లోని మిన్నేరియ చెరువు దగ్గర పెద్ద గుంపులు చేరేది జులై నుంచి సెప్టెంబరు మధ్య. మాకు కనిపించినవి పదకొండు, మా పిల్లలకి అవే బోలెడు.

ట్రింకోమలీ పక్కనే ఉన్న సముద్రతీరం నిలావెలిలో దిగింది ఒక తమిళావిడ నడిపే నాలుగు గదుల ఇల్లు. అత్తయ్యది సూళ్లూరుపేట, అరవం ధారాళంగా వచ్చు. రెండో రోజుకల్లా ఇద్దరూ వంటింట్లో కబుర్లు. పొద్దున్నే ఇడియాప్పం, సొది అనే కొబ్బరిపాల పులుసు, కొబ్బరి కారం. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి: ‘పోల్ సంబోల్’ అనే ఆ కొబ్బరి కారంలో చాలాచోట్ల ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు. వద్దని ముందే చెప్పాలి.

నిలావెలి ఎదురుగా ఉన్న పావురాల దీవికి (పిజన్ ఐలాండ్) పడవలో పావుగంట కూడా పట్టదు. పడవ, పార్కు టికెట్, నీళ్లలో చూసే కళ్లద్దాల అద్దె అన్నీ విడివిడి. మొత్తం ఎంతో తేల్చుకుని, నగదు చేతిలో పెట్టుకుని ఎక్కండి. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడున్నర దాకా వచ్చాయి. ఒడ్డంతా పగడపు ముక్కలు, చెప్పుల్లేకుండా పాప అడుగు వేయలేదు. మావాడు మాత్రం నీళ్లలోంచి తల ఎత్తి “అమ్మా, సొరచేప!” అని అరిచాడు. నల్లంచు రెక్కల చిన్న సొరలు, మనిషిని చూస్తే అవే తప్పుకుంటాయి.

ట్రింకోమలీలోని కోణేశ్వరం శివుడి గుడికి సాయంత్రం వెళ్లాం. పాత కోట గేటు దాటగానే జింకలు ఎదురొస్తాయి. గుడి చివర కొండ సముద్రంలోకి నిట్టనిలువుగా దిగిపోతుంది. పిల్లల చెయ్యి వదలకండి. పద్దెనిమిది శక్తిపీఠాల వరసలో మొదట వినిపించే శాంకరీదేవిది ఇక్కడే అంటారు. శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం చూసేసిన అత్తయ్య ఆ మెట్ల మీద చాలాసేపు కదలకుండా కూర్చున్నారు.

చివరి మూడు రోజులు అదే తూర్పు తీరంలో ఇంకా దక్షిణంగా ఉన్న పాసికుడా. ఇక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. చాలా దూరం నడిచినా నీళ్లు పాప నడుం దాటలేదు. చిన్నపిల్లలుంటే ఇంతకంటే నిశ్చింత ఉండదు. కానీ రిసార్ట్ దాటితే నడిచి వెళ్లడానికి ఏమీ లేదు, లోపల తిండి ఖరీదెక్కువ, రుచి తక్కువ. పక్కపక్క గదులని బుక్ చేస్తే రెండు అంతస్తుల్లో ఇచ్చారు. గంట వాదించాక మార్చారు. మధ్యలో తలుపున్న గదులే కావాలని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. మళ్లీ వెళ్తే నిలావెలిలో నాలుగు రోజులు, పాసికుడాలో రెండు.

తిరుగు ప్రయాణం వెసక్ (బుద్ధ పూర్ణిమ) పున్నమి రోజు పడింది. మద్యం, మాంసం దుకాణాలు బంద్. ఊరూరా కాగితపు లాంతర్లు, వ్యాన్ నత్తనడక. విసుక్కుంటుండగా నలుగురు కుర్రాళ్లు చెయ్యెత్తి ఆపారు. చందాకేమోనని మా ఆయన పర్సు తీశారు. వాళ్లు నవ్వి, కిటికీలోంచి ఐదు ఐస్‌క్రీమ్ కప్పులు అందించారు. పండక్కి దారిన పోయే అందరికీ ఉచితమట. కిలోమీటరు దాటాక ఇంకో వరస కనిపించింది. “ఇక్కడ కూడా ఆపుతారా?” అని పాప డ్రైవర్‌ని అడిగింది, తెలుగులోనే. ఆయన ఆపాడు.