ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల పోర్టల్: సీటు పంపకంలో దిట్ట, కాలేజీ ఎంపికలో సగమే సాయం

ఇంటర్ ఎంపీసీ అయిపోయిన ఇంట్లో జూన్ నుంచి ఒకటే చర్చ: ఈ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుంది? దానికి జవాబు చెబుతామంటూ బోలెడు ప్రిడిక్టర్ యాప్‌లు, యూట్యూబ్ చానళ్లు, డబ్బులు తీసుకుని ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలు, బ్రాంచిల వరుస) పెట్టి ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. వీళ్లలో ఎక్కువమంది ఆధారపడేది ఒకే సమాచారం మీద. తెలంగాణ సాంకేతిక విద్యాశాఖ ఆధ్వర్యంలో నడిచే టీజీ ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో అది ఉచితంగా ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు 1,200 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 600) కట్టేది కౌన్సెలింగ్‌కే తప్ప ఆ సమాచారానికి కాదు. కాబట్టి ఎవరికైనా డబ్బులిచ్చే ముందు ఈ పోర్టల్‌లో ఏముందో, ఏం లేదో చూసుకోవడం మంచిది.

ఇందులో అన్నిటికన్నా విలువైనది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో చెప్పే పట్టిక ఇది. ఒక్కో వరుసలో కాలేజీ కోడ్, పేరు, ఊరు, కో-ఎడ్యుకేషనా గర్ల్స్ కాలేజీనా, ప్రైవేటా యూనివర్సిటీనా, స్థాపించిన సంవత్సరం, బ్రాంచి కోడ్ ఉంటాయి. ఆ తర్వాత ఓసీ, బీసీ-ఎ నుంచి బీసీ-ఇ దాకా, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ కేటగిరీలకు అబ్బాయిల గడి, అమ్మాయిల గడి విడివిడిగా, చివర్లో ట్యూషన్ ఫీజు ఉంటాయి. ఫోన్‌లో చూస్తే కళ్లు తిరుగుతాయి. కంప్యూటర్లో తెరిచి, మీ కేటగిరీ గడులు, ఓసీ గడులు, ఫీజు గడి మాత్రం ఉంచి మిగతావి దాచేస్తే అప్పుడు చదవొచ్చు.

చదవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఉదాహరణకు బీసీ-బి అమ్మాయి ర్యాంకు 18,000 అనుకుందాం. ఒక కాలేజీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వరుసలో ఓసీ గర్ల్స్ 14,200, బీసీ-బి గర్ల్స్ 19,500 అని ఉంటే ఆమెకు అవకాశం ఉన్నట్టే. అలాగని తన కేటగిరీ గడి ఒక్కటే చూస్తే సరిపోదు. రిజర్వేషన్ ఉన్నవాళ్లు ఓసీ సీటుకూ పోటీలో ఉంటారు. ఒక్కోసారి చిన్న బ్రాంచిలో ఓసీ గడిలోనే పెద్ద అంకె కనిపిస్తుంది. అలాంటప్పుడు చూడాల్సింది దాన్నే. సీట్ల పంపకం విడతలుగా జరుగుతుంది. గడి ఖాళీగా ఉంటే ఆ విడతలో ఆ కేటగిరీ కింద ఎవరికీ సీటు పడలేదని అర్థం, మనకు రాదని కాదు.

పట్టిక ఏ విడతదో పైన తప్పకుండా చూడండి. మొదటి విడత అంకెలు బిగువుగా ఉంటాయి. చివరి విడతకి ఐఐటీలు, ఎన్ఐటీలు, డీమ్డ్ యూనివర్సిటీలకు వెళ్లినవాళ్లు ఖాళీ చేసిన సీట్లు కలవడంతో అంకెలు సాగుతాయి. నిరుడు చివరి విడతలో మాత్రమే మీ ర్యాంకు దాకా వచ్చిన కాలేజీని 'ఖాయం' లెక్కలో వేసుకోకూడదు. మొదటి విడత పట్టికలోనే మీ ర్యాంకును కాస్త దూరంగా దాటిపోయిన కాలేజీలు జాబితాలో కనీసం ఓ పది ఉండాలి.

పాత పట్టికలు నేరుగా పోల్చడానికి వీల్లేని సందర్భాలు రెండు వచ్చాయి. 2025లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలైంది: గ్రూప్-1కి 1 శాతం, గ్రూప్-2కి 9, గ్రూప్-3కి 5. అంతకుముందు పట్టికల్లో ఎస్సీ అంతా ఒకే గడి. అదే ఏడాది, స్థానికులకు కేటాయించని 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్ల నిబంధన కూడా మారింది. విభజన చట్టంలోని పదేళ్ల గడువు తీరడంతో ఏపీ విద్యార్థులకు ఆ వాటా ఆగిపోయింది. అందుకని 2024, అంతకుముందరి అంకెలను అంచనాకు వాడుకోవచ్చు కానీ గీతగా పెట్టుకోకూడదు. ప్రిడిక్టర్ యాప్‌లు బోల్తా కొట్టే చోటు కూడా ఇదే. పాత అంకెల మీద సగటు తీసి '92 శాతం అవకాశం' అని చూపిస్తే పిల్లలు అదే నిజమనుకుంటారు.

ఇక ఆప్షన్ల పేజీ. సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక, రిజిస్టర్ చేసిన ఫోన్‌కు లాగిన్ ఐడీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. ఆ నంబరు కౌన్సెలింగ్ మొత్తం అయ్యేదాకా మీ చేతిలోనే ఉండాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబరు ఇచ్చి ఇరుక్కునేవాళ్లు ఏటా ఉంటారు. పాస్‌వర్డ్ కూడా వాళ్ల కంప్యూటర్లో సేవ్ కానివ్వకండి. లాగిన్ అయ్యాక కాలేజీ, బ్రాంచి పక్కన ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. వాటిలో 1, 2, 3 అని ప్రాధాన్యం అంకెలు టైప్ చేయాలి. ఎన్ని ఆప్షన్లయినా పెట్టొచ్చు.

నేరుగా టైప్ చేయడానికి కూర్చోవద్దు. మాన్యువల్ ఆప్షన్ ఫారం అని సైట్‌లోనే దొరుకుతుంది. దాన్ని ప్రింట్ తీసి, ఇంట్లో అందరూ కూర్చుని పెన్సిల్‌తో నింపి, కోడ్‌లు సరిచూసుకున్నాక ఎక్కించాలి. ఈ ఫారం ఈ పోర్టల్‌లో ఎవరూ మెచ్చుకోని మంచి పని. కోడ్‌ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి: సీఎస్ఎం అంటే ఏఐ-మెషిన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ సైబర్ సెక్యూరిటీ, సీఎస్ఓ ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. ఒక్క అక్షరం తేడాతో నాలుగేళ్లు మారిపోతాయి. యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్ సీట్లు, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. పేరు ఒకటే అనిపించినా ఫీజులో చాలా తేడా.

వరుస విషయంలో ఒక భయం బాగా పాతుకుపోయింది: 'మన ర్యాంకుకి రాని కాలేజీని పైన పెడితే కింద వచ్చే సీటు పోతుంది' అని. అది నిజం కాదు. సాఫ్ట్‌వేర్ ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, వాళ్ల ఒకటో ఆప్షన్‌లో సీటుందా, లేకపోతే రెండో దాంట్లో ఉందా అని చూసుకుంటూ పోతుంది. దొరికిన చోట ఆగిపోతుంది. మీ మూడో ఆప్షన్ రాకపోవడం వల్ల నాలుగోది చేజారదు. అసలు ప్రమాదం ఇందుకు తలకిందులుగా ఉంది: ఇష్టం లేని కాలేజీని 'సేఫ్' అని పైకి ఎక్కిస్తే అది రాగానే యంత్రం ఆగిపోతుంది. కింద ఉన్న మంచి కాలేజీని ఇక చూడదు. కాబట్టి వరుస మీ ఇష్టాన్ని బట్టి, జాబితా పొడవు మీ ర్యాంకును బట్టి. 2025లో మాక్ అలాట్‌మెంట్ (అసలు పంపకానికి ముందు నమూనా పంపకం) కూడా ఇచ్చి, ఫలితం చూశాక ఆప్షన్లు మార్చుకోనిచ్చారు. ఇన్నేళ్లలో ఈ పోర్టల్‌కు వచ్చిన మంచి మార్పు ఇదే. ఏటా కొనసాగించాలి.

పోర్టల్ సాయం చేయనిది ఎంపికలో. ఫీజు గడిలో ఉండేది ట్యూషన్ ఫీజు మాత్రమే. హాస్టల్, బస్సు, ఇతర ఫీజులు అందులో ఉండవు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైన బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకయితే పూర్తి ఫీజు, ర్యాంకు అంతకు మించితే ఏడాదికి 35,000 రూపాయల దాకానే వస్తుంది. లక్షకు పైగా ఫీజున్న కాలేజీలో మిగతాది ఏటా ఇంట్లోంచి రావాలి. దీన్ని నాలుగుతో గుణించి ఆప్షన్ పక్కన రాసుకోండి. చాలా జాబితాల్లో అప్పుడే వరుస మారిపోతుంది. ఫీజు తక్కువైన జేఎన్‌టీయూ సుల్తాన్‌పూర్, జగిత్యాల, మంథని క్యాంపస్‌లను ఊరు దూరమని తీసేసేవాళ్లు ఈ లెక్క వేశాక మళ్లీ చేరుస్తారు. గుర్తింపుల సంగతి ఇక్కడ కనిపించదు: న్యాక్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ బ్రాంచికి ఇచ్చేది. 'మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది' అని బోర్డు కనిపిస్తే మీ బ్రాంచికి ఉందా, గడువు ఎప్పటిదాకా అని ఎన్‌బీఏ సైట్‌లో చూసుకోవాలి. ప్లేస్‌మెంట్ల మాట కాలేజీలో మూడో, నాలుగో ఏడు చదువుతున్న ఇద్దరిని అడిగితే తెలిసినంత బ్రోచర్లో తెలియదు.

సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర స్లాట్ బుకింగ్ విధానం బాగుంది. అక్కడ ఆగిపోయేది కాగితాల వల్లే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. స్కూళ్లు మారిన పిల్లలకు ఇవి ఏప్రిల్‌లోనే తెచ్చిపెట్టుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చింది కావాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిది. నిరుటిది తీసుకెళ్తే ఓసీ కిందే లెక్కేస్తారు. మీసేవలో దరఖాస్తు చేసినా తహశీల్దార్ ఆఫీసులో జూన్‌లో రద్దీ ఉంటుంది.

ఏపీలో చదివేవాళ్లకు ఇదే పద్ధతి వేరే సైట్‌లో నడుస్తుంది. అక్కడి ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి రెండు రాష్ట్రాల ర్యాంకులను పోల్చుకోవద్దు. వరంగల్ ఎన్ఐటీ సీట్లు జోసా (ఐఐటీలు, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారా, హైదరాబాద్ బిట్స్ సీట్లు బిట్‌శాట్ (బిట్స్ సొంత ప్రవేశ పరీక్ష) ద్వారా. అవేవీ ఈ పోర్టల్‌లో వెతకొద్దు.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ఖాయపరచడం) చేయాలి. రెంటిలో ఏది మరిచినా సీటు దానంతటదే రద్దవుతుంది. రెండో విడతకు ఆప్షన్లు మళ్లీ మొదటినుంచి పెట్టాలి, పాతవి లెక్కలోకి రావు. అప్పుడు, చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా ఎక్కువ ఇష్టమైనవే రాయాలి. కొత్తది పడితే పాతది వెంటనే ఇంకొకరికి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. తృప్తిగా ఉంటే ఇక ఏమీ పెట్టక్కర్లేదు. విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలో నేరుగా ఇచ్చే స్పాట్ అడ్మిషన్ తీసుకుంటే రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, అడిగి రాయించుకోండి.