గంజాయికి గేటు ఎవరు తీయాలి: ఓటరా, చట్టసభా? ఏది మేలు?

2020 అక్టోబరు. కరోనా వల్ల ఆ ఏడాది న్యూజెర్సీలో ఓటర్లందరికీ బ్యాలెట్లు పోస్టులోనే వచ్చాయి. వంటింట్లో టేబుల్ మీద పరుచుకుని ట్రంప్, బైడెన్ పేర్లు దాటి వెళ్తే మూడు ప్రశ్నలు కనిపించాయి. మొదటిది గంజాయి గురించి. 21 ఏళ్లు నిండినవాళ్లకు దాన్ని చట్టబద్ధం చేసేలా రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించడం మీకు సమ్మతమేనా? అవును, కాదు. నల్ల పెన్నుతో గుండ్రం నింపడమే.

విమానాలు ఆగిపోయి మా ఇంట్లోనే ఉండిపోయిన నాన్న కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇదేట్రా, గంజాయికి ఓటా?" నర్సీపట్నం మనిషి. ఏజెన్సీ నుంచి దిగే వ్యాన్లను చెక్‌పోస్టు దగ్గర ఆపి అరటిగెలల కింద చేతులు పెట్టి వెతకడం ఆయనకు రోజూ చూసే సంగతే. "మన దగ్గర ఇరవై కిలోలు దాటి దొరికితే పదేళ్లు లోపలే. ఇక్కడ ఇంటికి కాగితం పంపించి నీకిష్టమేనా అనడుగుతున్నార్రా!"

గంజాయి మంచిదా చెడ్డదా అన్న గొడవ ఇక్కడ పెట్టుకోను. దాని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. సరదాకి గంజాయి తాగడం నేరమా కాదా అన్నది ఓటర్లే తేల్చాలా, లేక గెలిపించి పంపినవాళ్లు చట్టసభలో కూర్చుని తేల్చాలా? అమెరికాలో ఇప్పటిదాకా 24 రాష్ట్రాలు దీన్ని చట్టబద్ధం చేస్తే, 15 చోట్ల బ్యాలెట్ ద్వారా, 9 చోట్ల చట్టసభ ద్వారా జరిగింది. రెండు దారుల్లోనూ పోయినవాళ్ల అనుభవం కళ్లముందే ఉంది కాబట్టి పోల్చి చూడొచ్చు.

మొదలుపెట్టే ధైర్యం విషయంలో ఓటర్లదే పైచేయి. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఓటు వేసినప్పుడు, ఇలాంటి బిల్లు నెగ్గించే సాహసం ఏ చట్టసభా చేయలేదు. కొలరాడో గవర్నర్ హికెన్‌లూపర్ దీనికి వ్యతిరేకి. అయినా 55 శాతం మంది అవునన్నారు. కేంద్రంలో ఇంకా నిషేధమే ఉంది కాబట్టి చీటోస్, గోల్డ్‌ఫిష్ చిరుతిళ్ల ప్యాకెట్లు అప్పుడే విప్పకండని ఆయన జోకు వేసి, ఓటర్ల మాట మాత్రం అమలు చేశారు. పన్ను ఎంత వేయాలో మరుసటి ఏడాది మళ్లీ ఓటర్లనే అడిగారు, దానికీ సరేనన్నారు. 2014 జనవరి 1న షాపులు తెరిచారు. చట్టసభ తనంతట తాను ఈ పని చేసిన మొదటి రాష్ట్రం వెర్మాంట్, అదీ 2018లో. అప్పటికే ఎనిమిది రాష్ట్రాల ఓటర్లు తేల్చేశారు.

ఇంతవరకూ విని బ్యాలెట్టే మేలు అనుకునేవాళ్లు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ బ్యాలెట్ మీది మాటలు ఎవరు రాశారు?

ఒహాయోనే చూడండి. 2015లో అక్కడ వచ్చిన ప్రతిపాదన పైకి గంజాయిని చట్టబద్ధం చేసేదే. లోపల చూస్తే, రాష్ట్రం మొత్తానికీ వ్యాపారం కోసం పంట వేసేది పది స్థలాల్లోనే. ఆ పది స్థలాలూ ప్రచారానికి డబ్బు పెట్టినవాళ్లవే. వాళ్లలో పాటగాడు నిక్ లాషే, పాతకాలపు బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ కూడా ఉన్నారు. తమ పొలానికి రాష్ట్ర రాజ్యాంగంలోనే పట్టా రాయించుకోవాలనుకోవడం మామూలు తెలివి కాదు. తలకాయ స్థానంలో గంజాయి మొగ్గ, ఒంటి మీద సూపర్‌హీరో డ్రెస్సుతో "బడ్డీ" అనే బొమ్మవేషాన్ని కాలేజీల చుట్టూ తిప్పారు కూడా. దాదాపు 64 శాతం మంది కాదన్నారు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, రాజ్యాంగంలో ఇలాంటి గుత్తాధిపత్యాలు రాయకుండా అడ్డుకునే మరో ప్రతిపాదనను నెగ్గించారు. ఓటర్లకు చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉండదనేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఫ్లోరిడాలో 2024లో వచ్చిన మూడో సవరణ ఇంత మొరటుగా లేదు, కానీ అక్కడా డబ్బు ఎవరిదో చూస్తే కథ అర్థమవుతుంది. బ్యాలెట్ మీదికి రావాలంటే అప్పుడు 8,91,523 సంతకాలు కావాల్సి వచ్చింది. టెంట్ వేసుకుని ఊరికే కూర్చుంటే అన్ని సంతకాలు రావు, మనుషులకు డబ్బిచ్చి పార్కింగ్ లాట్లలో నిలబెట్టాలి. అప్పటికే వైద్య గంజాయి అమ్ముతున్న ట్రూలీవ్ కంపెనీ ఈ ప్రచారానికి 14 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. అమ్మకాలు మొదలుపెట్టే అవకాశం ముందుగా ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లదే. ఇంట్లో కుండీలో మొక్క పెంచుకునే హక్కు మాత్రం ఆ సవరణలో లేదు. ఇంటింటా పెంచుకుంటే షాపుకెవరు వస్తారు? గవర్నర్ డిశాంటిస్ ఎదురుగా నిలబడి ప్రచారం చేస్తే, ఆయన పార్టీవాడే అయిన ట్రంప్ అవునని ఓటేస్తానన్నారు. చివరికి 55.9 శాతం వచ్చింది. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి కాబట్టి ఓడిపోయింది. కొలరాడోలో 55తో నెగ్గినది ఫ్లోరిడాలో దాదాపు 56తో పోయింది. ప్రజాభిప్రాయం అంటాం కానీ, గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టే అది అవునో కాదో అవుతుంది.

నెగ్గినా గ్యారంటీ లేదు. సౌత్ డకోటాలో 2020లో 54 శాతం మంది అవునన్నారు. ఒకే సవరణలో ఒకటికి మించి విషయాలు కలిపారని కోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో, 2024లో మళ్లీ అడిగితే అదే ఓటర్లు రెండుసార్లూ కాదన్నారు. మెయిన్ రాష్ట్రంలో 2016లో నెగ్గితే షాపులు తెరిచేసరికి 2020 అక్టోబరు. మధ్యలో గవర్నర్ వీటో.

మరి చట్టసభ దారి ఎలా ఉంది? దీనికి మా హడ్సన్ నదిని మించిన ఉదాహరణ లేదు. ఈ ఒడ్డున న్యూజెర్సీ, ఆ ఒడ్డున న్యూయార్క్.

న్యూజెర్సీ చట్టసభ ముందు తనే బిల్లు పెట్టాలని చూసింది. 2019 మార్చిలో సెనేట్‌లో ఓట్లు చాలవని తేలి, ఓటింగే రద్దు చేసుకుంది. మనవల్ల కాదని ప్రశ్నను ఓటర్ల ముందు పెట్టింది. నాన్న చూసిన కాగితం అదే. 67 శాతం మంది అవునన్నారు. ఆ ప్రశ్నలో 21 ఏళ్ల నిబంధన, పర్యవేక్షించే కమిషన్, అమ్మకపు పన్ను తప్ప పెద్దగా ఏమీ లేదు. మిగతాదంతా మళ్లీ చట్టసభ మెడకే పడింది. 21 నిండని పిల్లలు దొరికితే ఏం శిక్ష వేయాలన్న దగ్గర పట్టుబట్టి 2021 ఫిబ్రవరి 22 దాకా లాగారు. జనం నేరం కాదని తేల్చాక కూడా ఆ నెలల్లో పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు. షాపులు తెరిచింది 2022 ఏప్రిల్ 21న. ఇంట్లో ఒక్క మొక్క పెంచినా ఇప్పటికీ నేరమే. అవును అని గుండ్రం నింపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొక్క సంగతి నన్నెవరూ అడగలేదు.

న్యూయార్క్‌లో ఓటర్లను అడగలేదు. 2021 మార్చి 31న గవర్నర్ క్వోమో సంతకం పెట్టారు. కాగితం మీద చూస్తే ఆ చట్టం ముచ్చటగా ఉంటుంది. పాత గంజాయి కేసుల రికార్డులు చెరిపేయడం, పన్ను డబ్బులో 40 శాతం ఈ కేసులతో నలిగిపోయిన వాడలకు, 40 శాతం చదువులకు, 20 శాతం మత్తు చికిత్సకు. ఒక్క వాక్యం ప్రశ్నలో ఇవన్నీ పట్టవు, చర్చలో బేరమాడి రాసుకుంటేనే వస్తాయి. అయితే లైసెన్సులు ఇవ్వడం దగ్గర బండి ఆగిపోయింది. మొదటి చట్టబద్ధమైన అమ్మకం 2022 డిసెంబరు 29న. ఈలోగా ఊరంతా లైసెన్సు లేని దుకాణాలు. రంగు లైట్లు, అద్దం మీద ఆకు బొమ్మ, లోపల చిప్స్ ప్యాకెట్ల పక్కనే సరుకు. మాన్‌హాటన్‌లో ఆఫీసుకి నడిచే దారిలో అలాంటివి ఐదు లెక్కపెట్టాను. ఆ పక్కనే ఇడ్లీ దొరికే చోటు ఒక్కటీ లేదనుకోండి, అది వేరే బాధ. నగరంలో వెయ్యికి పైగా ఉన్న ఈ దుకాణాలకు తాళాలు వేసే అధికారం అధికారుల చేతికి సరిగ్గా అందింది 2024లోనే. ఓటరు అడగని చట్టానికి తొందరపెట్టే ఓటరూ ఉండడని నా అనుమానం.

చట్టసభ సగంలో వదిలేస్తే ఎలా ఉంటుందో వర్జీనియాలో చూడాలి. 2021 జులై నుంచి కొద్దిగా దగ్గర ఉంచుకోవచ్చు, ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, స్నేహితుడికి ఊరికే ఇవ్వొచ్చు. అమ్మకాల బిల్లులను మాత్రం అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ 2024లో ఒకసారి, 2025లో ఒకసారి వీటో చేశారు. పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీలో ఓటర్లు 2014లోనే అవునన్నారు, అమ్మకాలను కాంగ్రెస్ అడ్డుకుంది. దాంతో అక్కడ ఒక స్టిక్కరో టీషర్టో కొంటే గంజాయి "గిఫ్టు"గా ఇచ్చే వ్యాపారం పుట్టుకొచ్చింది. ఇంత ఖరీదైన స్టిక్కర్లు ప్రపంచంలో ఇంకెక్కడా అమ్ముడుపోయి ఉండవు.

ఇక్కడ ఒక తేడా చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో అదే అసలైనది. ఓటర్లు నెగ్గించినది రాజ్యాంగంలోకి వెళ్తుందా, మామూలు చట్టంలోకి వెళ్తుందా? ఒహాయోలో 2023లో మళ్లీ ప్రశ్న వచ్చింది. ఈసారి పది పొలాల గొడవ లేదు, మనిషికి ఆరు మొక్కలు కూడా పెంచుకోవచ్చన్నారు. 57 శాతంతో నెగ్గింది. కాకపోతే ఇది మామూలు చట్టం కాబట్టి చట్టసభ చేయి పెట్టగలదు. పెట్టింది కూడా. 2025 చివర్లో మార్పులు చేసి, పక్కనున్న మిషిగన్‌లో కొని తెచ్చుకోవడాన్ని నేరం చేసింది. ఓటేసినవాళ్లకు ఒళ్లు మండింది, నిజమే. కానీ రెండోవైపు కాలిఫోర్నియా ఉంది. 2016 నాటి ప్రతిపాదనలోనే గంజాయి పూల మీద ఔన్సుకు 9.25 డాలర్ల పన్ను రాసేశారు. గంజాయి ధర పడిపోయినా పన్ను దిగలేదు, రైతులు గగ్గోలు పెట్టారు, చివరికి 2022లో చట్టసభ ఎత్తేసింది. అదే రాజ్యాంగంలో ఉండి, మార్చాలంటే మళ్లీ రాష్ట్రమంతా ఓటేయాల్సి ఉంటే ఆ రైతుల గతేమిటి? దిద్దుకునే దారి ఉన్న చట్టం ఒకోసారి ఒహాయోలో లాగా చేదుగా దిద్దబడుతుంది. అయినా నేను దాన్నే ఎంచుకుంటాను.

ప్రశ్నను అన్నివిధాలా పద్ధతిగా అడిగింది న్యూజీలాండ్. 2020 ఓటుకు ముందే మొత్తం ముసాయిదా బిల్లు బయటపెట్టి, చదువుకుని ఓటేయమంది. 50.7 శాతం కాదన్నారు, 48.4 శాతం అవునన్నారు. ప్రధాని ఆర్డెర్న్ తన ఓటు ఎటో ఫలితం వచ్చాకే చెప్పారు, అవుననే వేశానని. అంతా ముందే చూపిస్తే ఓడిపోతామన్న భయం ఇక్కడి ప్రచారకర్తలకు అక్కడి నుంచే పట్టుకుని ఉంటుంది.

రెండు దారులూ ఒకచోట చక్కగా కలిసింది మనవాళ్లు బోలెడంతమంది ఉండే నేపర్‌విల్‌లో. ఇల్లినాయ్ చట్టసభ 2019లో ఓటర్లను అడక్కుండానే చట్టం చేసింది, షాపు పెట్టనివ్వాలా వద్దా అన్నది ఊళ్లకు వదిలింది. నేపర్‌విల్ కౌన్సిల్ ముందు వద్దంది. తర్వాత 2020 మార్చి 17న ఊరివాళ్లను అడిగింది. ఆ ఓటుకు కట్టుబడాలన్న నియమం లేదు. దాదాపు 53 శాతం అవునన్నారు, కౌన్సిల్ మూడు షాపుల దాకా ఒప్పుకుంది. నేరమా కాదా అన్నది రాష్ట్రం, మా వీధిలో షాపు ఉండాలా వద్దా అన్నది వీధి. నన్ను ఎంచుకోమంటే ఈ పద్ధతికే ఎక్కువ మార్కులు, చిన్న సవరణతో. రాష్ట్రం స్థాయిలో కూడా న్యూజెర్సీ లాగా అవునా కాదా అని ఒకసారి ఓటర్లను అడగాలి, అమలుకు తేదీ కూడా ఆ ప్రశ్నలోనే రాయాలి. లైసెన్సులు, పన్నులు, మొక్కల లెక్క చట్టసభకు వదలాలి.

ఇక ఈ ఊళ్లలో ఉండే మనవాళ్లలో సగం చర్చ అసలు ఓటే లేనివాళ్లది. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు మీద ఉన్నా బ్యాలెట్ రాదు. రాష్ట్రంలో ఏ దారిలో చట్టబద్ధమైనా వాళ్లకు వర్తించే ఇమ్మిగ్రేషన్ చట్టం కేంద్రానిది, అక్కడ గంజాయి ఇంకా నిషిద్ధ పదార్థమే. సొంత రాష్ట్రంలో నేరం కాకపోయినా గంజాయికి సంబంధించిన పనులు పౌరసత్వ దరఖాస్తుకు అడ్డుపడొచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా రాసింది. డిస్పెన్సరీకి, అంటే గంజాయి షాపుకి, సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం వచ్చిందని మొన్న ఒక కుర్రాడు సంబరంగా ఫోన్ చేశాడు, గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. ముందు లాయరుతో మాట్లాడి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టమన్నాను.

"ఇంతకీ ఏటి నింపావురా?" అని నాన్న ఆ రోజు రెండుసార్లు అడిగారు. కవరు అంటించేశానన్నాను.