రిచీ స్ట్రీట్‌లో పీసీ కట్టించుకుంటున్నారా? ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవకుండా డబ్బు కట్టకండి

చెన్నైలో కొత్త పీసీ కట్టించుకోబోయే మనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. రిచీ స్ట్రీట్‌లో కొన్ని షాపులు ఇచ్చే కొటేషన్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ అన్నీ మోడల్ నంబర్లతో సహా రాసి ఉంటాయి. పీసీలోని అన్ని భాగాలకీ కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గరికి వచ్చేసరికి మాత్రం "550 వాట్" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. కొనేవాళ్ళు నష్టపోయేది సరిగ్గా అక్కడే.

ఈ మధ్య చేతికి వచ్చిన ఒక పీసీ సంగతి చూడండి. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు. రెండూ మంచివే, రెండూ అసలు సరుకే. కానీ గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి స్క్రీన్ నల్లబడి మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. వెనక ఫ్యాన్ గోల పక్క గదిలోకి కూడా వినిపించేది. అమ్మిన షాపువాళ్ళేమో "కార్డు పోయింది, కంపెనీకి పంపాలి" అన్నారు. కార్డుకి ఏమీ కాలేదు. క్యాబినెట్ వెనక నాలుగు స్క్రూలు విప్పి ఎస్‌ఎంపీఎస్ బయటికి తీస్తే విషయం తెలిసింది. పెట్టె మీద ఒకవైపు "550 వాట్" అని అరచేతి వెడల్పున అచ్చు వేసి ఉంది. రెండో వైపు చీమ తలకాయంత అక్షరాల పట్టికలో, +12 వోల్ట్ గడిలో 18 యాంప్స్ అని ఉంది.

లెక్క కట్టండి. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ కరెంటుని 12, 5, 3.3 వోల్ట్‌ల వేరువేరు లైన్లుగా ఇస్తుంది. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది 12 వోల్ట్ లైన్ నుంచే. 5600 పూర్తి పనిలో 76 వాట్లు, 4060 ఇంకో 115 వాట్లు లాగుతాయి. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి కలిపి 40 నుంచి 50 వాట్లు వేసుకుంటే మొత్తం 240 దగ్గరికి వస్తుంది. అందులో కొన్ని వాట్లే 5, 3.3 వోల్ట్ లైన్ల మీద పడతాయి. పైగా గ్రాఫిక్స్ కార్డు మిల్లీసెకన్ల పాటు తన సగటు కంటే బాగా ఎక్కువ లాగుతుంది. 216 వాట్ల లైన్ మీద ఇంత భారం పడితే ఇంకేం మిగులుతుంది? లోడ్‌లో ఉండగా మల్టీమీటర్ పెడితే 12 వోల్ట్ లైన్ 11.2కి పడిపోయింది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 5 శాతం తేడా వరకే, అంటే 11.4 నుంచి 12.6 వరకే ఉండాలి. పెట్టె మీది 550 ఎక్కడిదంటారా? ఇప్పటి పీసీలు పెద్దగా వాడుకోని 3.3, 5 వోల్ట్ లైన్లకి వాట్లు ధారాళంగా రాసి, అన్నీ కలిపి ఆ అంకె తెచ్చారు.

కాబట్టి కౌంటర్ దగ్గర వాట్లు అడగకండి. అట్టపెట్టె తెరిపించి ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్ చూపించమనండి. నిజమైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్ట్ లైన్ ఒక్కటే 500 వాట్లకి పైన, అంటే 42 యాంప్స్‌కి అటూ ఇటూగా ఇస్తుంది. వెనక 115/230 అని ఎర్ర స్విచ్ కనిపించిందా, అది యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటుని సాఫీగా తీసుకునే సర్క్యూట్) లేని పాత తరహా డిజైన్. అది పొరపాటున 115 వైపు ఉండగా మన 230 వోల్ట్‌ల ప్లగ్గులో పెడితే లోపల కెపాసిటర్లు పేలిపోతాయి. స్విచ్ లేనంత మాత్రాన మంచిదని కూడా కాదు, ఖర్చు తగ్గించడానికి స్విచ్ కూడా తీసేసినవి ఉన్నాయి. లేబుల్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్ట్ అని ఉంటే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉందని దాదాపు నమ్మొచ్చు. లోపల ఎలా ఉందో చూద్దామని ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్ట్‌లకి పైగా నిలిచి ఉండవచ్చు.

ఇక 80 ప్లస్ స్టిక్కర్. ఇది చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా పీసీకి చేరుతోంది అని. అందులో శబ్దం గురించి లేదు, రక్షణ సర్క్యూట్ల గురించి లేదు. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల చల్లటి గదిలో జరుగుతుంది, మే నెల చెన్నైలో క్యాబినెట్ లోపలి వేడిలో కాదు. 80 ప్లస్‌లో గోల్డ్ గ్రేడ్ గుర్తు ఉన్న గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం మోడళ్ళు మితిమీరిన లోడ్ పరీక్షల్లో పేలిపోతున్నాయని విమర్శలొచ్చాక, 2021 ఆగస్టులో ఆ కంపెనీ ఓవర్ పవర్ రక్షణ (లోడ్ మితిమీరితే ఎస్‌ఎంపీఎస్‌ని ఆపేసే ఏర్పాటు) పనిచేసే హద్దుని 120–150 శాతం నుంచి 110–120 శాతానికి తగ్గించి, పాత పీసులకి ఎక్స్‌ఛేంజ్ ప్రకటించింది. గోల్డ్ గుర్తు ఆ లోపాన్ని పట్టుకోలేదు. "85 ప్లస్", "80 శాతం ఎఫిషియెన్సీ" లాంటి సొంత రాతలైతే అసలు సర్టిఫికెట్టే కాదు.

బ్రాండ్ పేరు కూడా చాలదు. కోర్సైర్‌లోనే వీఎస్ సిరీస్‌కి 3 ఏళ్ళ వారంటీ, ఆర్‌ఎంఎక్స్‌కి 10 ఏళ్ళు. రెండింటి లోపలి పనితనానికి పోలికే లేదు. సీసానిక్ ఫోకస్ జీఎక్స్‌కి కూడా 10 ఏళ్ళు. కంపెనీ తన సరుకుని ఎంత నమ్ముతోందో వారంటీ ఏళ్ళే చెబుతాయి. 5 ఏళ్ళకి తక్కువైతే గ్రాఫిక్స్ కార్డున్న పీసీలో పెట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

శబ్దం విషయానికి వద్దాం. ఎస్‌ఎంపీఎస్ ఎందుకు అరుస్తుంది? వేడి వల్ల. పీసీ 240 వాట్లు వాడుతున్నప్పుడు 80 శాతం సామర్థ్యం ఉన్నది గోడ నుంచి 300 వాట్లు లాగి 60 వాట్లు తన లోపలే వేడిగా కక్కుతుంది. 90 శాతం ఉన్నది 267 లాగి 27 వాట్లే వేడెక్కుతుంది. సగానికి సగం వేడి తగ్గితే ఫ్యాన్ ఎందుకు పరుగెత్తాలి? అందుకే నిశ్శబ్దం కావాలంటే పీసీ పూర్తి వాడకానికి దాదాపు రెట్టింపు వాట్లున్నది తీసుకోండి. పైన చెప్పిన పీసీకి మంచి 550 సరిగ్గా సరిపోతుంది, 850 దండగ. సైబెనెటిక్స్ అనే సంస్థ మోడల్ వారీగా శబ్దం కొలిచి లాంబ్డా గ్రేడ్ ఇస్తుంది. 15 డెసిబెల్స్ లోపు ఏ++, 15–20 అయితే ఏ+, 20–25 అయితే ఏ, 25–30 అయితే ఏ మైనస్. వాళ్ళ సైట్‌లో మీ మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టి, 230 వోల్ట్ ఫలితం చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే డిజైన్ కావచ్చు.

ఫ్యాన్ బేరింగ్ కూడా అడగండి. చవక వాటిలో స్లీవ్ బేరింగ్ ఉంటుంది. ఇక్కడి వేడికి దానిలోని నూనె త్వరగా ఎండిపోయి, ముందు టిక్ టిక్ అని, తర్వాత గరగరమని మొదలవుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉన్నది ఏళ్ళ తరబడి మెత్తగా తిరుగుతుంది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే జీరో ఆర్‌పీఎం పద్ధతిని పెద్ద గొప్పగా అమ్ముతారు. ఏసీ లేని గదిలో దాని ఉపయోగం తక్కువ. కాసేపు ఆగి, కాసేపు తిరిగి, ఆ మారడమే చెవికి ఎక్కువ చిరాకు పెడుతుంది. జీరో ఆర్‌పీఎంకి వేరే స్విచ్ ఉంటే ఆ పద్ధతిని ఆపేసి ఫ్యాన్‌ని నెమ్మదిగా తిరగనివ్వండి, లోపలి కెపాసిటర్లకి కూడా మేలు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ 10 డిగ్రీలు చల్లగా ఉంటే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. లేబుల్ మీద పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 50 దగ్గర ఇస్తుందా అన్నది కూడా చూసి, 50 ఉన్నదే తీసుకోండి.

గీ... మని సన్నటి కూత వస్తుంటే అది ఫ్యాన్ కాదు, లోపలి కాయిల్ (తీగచుట్ట) శబ్దం. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస పార్టులకి తగలకుండా కార్డు దగ్గరా, ఎస్‌ఎంపీఎస్ దగ్గరా వినండి. చాలాసార్లు అది కార్డుదే అవుతుంది. గేమ్‌లో ఫ్రేమ్ రేటుకి హద్దు పెడితే బాగా తగ్గుతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఇది తప్పక చదవండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు పీసీని నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటరే. మంచిది పూర్తి లోడ్‌లోనూ 16 మిల్లీసెకన్ల దాకా లాగుతుంది. చవక వాటిలో చిన్న కెపాసిటర్ వేస్తారు, అంతసేపు ఆగదు. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉంటే మారడానికి 20 మిల్లీసెకన్లు, అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు, అప్పుడు ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నా పీసీ రీస్టార్ట్ అవ్వచ్చు. ఇన్వర్టర్ మీది స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌కి మార్చండి. ఇన్వర్టర్ అయినా యూపీఎస్ అయినా స్క్వేర్ వేవ్ ఇచ్చేదైతే యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్ బుర్రుమని మోగవచ్చు, ఆగిపోనూవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ ఉన్నదే వాడండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కెపాసిటర్ల ద్వారా బాడీ మీదికి దాదాపు సగం వోల్టేజ్ వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా అంతే. రెండు పిన్నుల కన్వర్టర్ తీసిపారేసి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ ఎర్త్ చూపించండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్ళు ఊడదీయగలిగేది) మార్చేటప్పుడు షాపుల్లో తరచూ జరిగే ఘోరం ఇంకొకటి. పాత కేబుళ్ళు అలాగే ఉంచి పెట్టె మాత్రం మారుస్తారు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకొక రకం, ఒక్కోసారి సిరీస్‌కొక రకం. ప్లగ్ చక్కగా దూరుతుంది, 5 వోల్ట్ పోవాల్సిన చోటికి 12 వోల్ట్ పోతుంది, హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే కాలిపోతాయి. ఫోటోలు, ఆఫీసు ఫైళ్ళు అన్నీ దాంతోనే పోతాయి. కొత్త పెట్టెతో వచ్చిన కేబుళ్ళే వేయించండి, దగ్గర నిలబడి చూడండి.

డబ్బు కట్టే ముందు కొటేషన్‌లో ఎస్‌ఎంపీఎస్ పూర్తి మోడల్ రాయించండి. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని ఆశపెడతారు, ఒప్పుకోకండి. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, అది పెట్టె మీద, ఎస్‌ఎంపీఎస్ మీద ఒకటే అయి ఉండాలి. షాపు ముద్ర వేసిన గ్యారంటీ చీటీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెల్లదు. ఖాళీ పెట్టె కూడా అడిగి తెచ్చుకోండి. మెషీన్ తీసుకునే ముందు అక్కడే ఓసీసీటీ ప్రోగ్రాంలో పవర్ టెస్ట్ ఒక అరగంట నడపమనండి. వంక పెడితే ఇంకో షాపు చూసుకోండి, ఆ వీధిలో షాపులకి కొదవ లేదు.

ఇప్పటికే ఇలాంటిది అంటగట్టి ఉంటే, ముందు లేబుల్ ఫోటో, కొటేషన్ ఫోటో తీసి పెట్టుకోండి. మల్టీమీటర్ ఉంటే నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య లోడ్‌లో ఉండగా కొలవండి, ప్రోబులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. 11.4 కంటే కింద ఉంటే, మార్చేదాకా ఆ పీసీలో గేములు, వీడియో రెండరింగ్ ఆపేయండి. షాపుకి రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, మోడల్ మార్చమని అడగండి. దిగిరాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. బిల్లు, కొటేషన్, లేబుల్ మూడూ చేతిలో ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా.