గాయం మూసేది ఏది: కణాల కదలికా, విభజనా?

చర్మం గీసుకుపోతే కొత్త కణాలు పుట్టి ఆ ఖాళీని నింపేస్తాయని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ముందుగా పనిలోకి దిగేది గాయం అంచున ఉన్న పాత కణాలే.

పైచర్మంలోని కెరటినోసైట్లు అనే కణాలు మామూలుగా అడుగు పొరకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. గాయమయ్యాక అంచు కణాలు ఆ పట్టు సడలించి, పల్చటి రేకులా తమ అంచును ముందుకు చాచి, కింద పట్టు దొరికించుకుని మిగతా ఒళ్లును లాక్కుంటాయి. పక్క కణాలతో ఉన్న అతుకును మాత్రం పూర్తిగా వదులుకోవు. అందుకే ముందు వరుస లాగితే వెనకవీ కదులుతాయి, దుప్పటి జరిగినట్టు. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇదే.

విభజన ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఊపందుకుంటుంది. అదీ ఎక్కువగా అంచుకు కాస్త వెనక. వెంట్రుకల కుదుళ్లలోని మూలకణాలూ (కొత్త కణాలను పుట్టించగలవి) సాయపడతాయి.

ల్యాబ్‌లో ప్లేటు మీద పెంచిన కణాల పొరలో సన్నటి గీత గీసి, మైటోమైసిన్ మందుతో విభజన ఆపేసినా ఆ గీత పూడుకుంటుంది. కాబట్టి చిన్న గాయంలో కదలికదే పైచేయి అంటాను. పెద్ద గాయమైతే లెక్క మారిపోతుంది. ఉన్న కణాలే ఎంతదూరమని సాగుతాయి? విభజన లేకుండా పొర మందం తిరిగి రాదు.

గాయం ఎండితే కదలికకే ఇబ్బంది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూపించాడు: తడి ఆరకుండా కప్పిన గాయాలపై పైచర్మం దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంది. పక్కు కడితే కణాలు దాని కిందుగా దారి చేసుకుంటూ వెళ్లాలి మరి.