ఆస్‌పాస్‌కు ఎనిమిదేళ్లుగా ఫైళ్లు పంపుతున్నా: ఒక నెల్లూరు సర్వేయర్ అనుభవం

మైపాడు వైపు ఒక రొయ్యల గుంట దగ్గర ఉపగ్రహ రిసీవర్‌తో పాయింటు పెట్టి, ఆస్‌పాస్ అనే ఆన్‌లైన్ సేవ పంపిన రిపోర్టు చేతికిస్తే, గుంట యజమాని ఎత్తు ఉన్న చోట వేలు పెట్టి, "ఏంది సార్, మైనస్ ఎనభై చిల్లరా? మా గుంట సముద్రం అడుగున ఉందా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, మొదటిసారి చూసినప్పుడు నేనూ అలాగే కంగారుపడ్డా. ఉపగ్రహాలతో కొలిచే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్క కోసం అనుకున్న, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండే ఒక నున్నటి గోళం నుంచి. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అక్కడ సముద్రమట్టం ఆ గోళం కంటే 100 మీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది. ఆ పల్లం మన తీరం దాకా పాకింది. రిపోర్టులో ఈజీఎం 2008 అనే భూమి గురుత్వాకర్షణ నమూనా ప్రకారం సముద్రమట్టం నుంచి లెక్క కట్టిన ఎత్తు వేరే ఇస్తారు. రైతుకు చూపించాల్సింది అది.

ఆస్‌పాస్ అంటే ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ జియోసైన్స్ ఆస్ట్రేలియా నడిపే ఉచిత సేవ. రిసీవర్ డేటా పంపితే పాయింటు కచ్చితంగా ఎక్కడుందో లెక్క కట్టి పంపుతుంది. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ (ఉపగ్రహ సిగ్నళ్లను రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునే) రిసీవర్‌ను ట్రైపాడ్ మీద కదలకుండా కనీసం గంటసేపు ఉంచాలి. నేను నాలుగు గంటలకు తగ్గను. ఆ డేటాను ఏ కంపెనీ రిసీవర్‌కైనా పనికొచ్చే ఉమ్మడి ఫార్మాట్ రైనెక్స్ ఫైలుగా మార్చి, యాంటెన్నా రకం, ఎత్తు, ఈమెయిల్ ఇచ్చి అప్‌లోడ్ చేస్తే, చాలాసార్లు టీ తాగొచ్చేలోపు పీడీఎఫ్ వచ్చేస్తుంది. పైసా అడగరు.

2017లో వచ్చిన మొదటి రిపోర్టులో మ్యాప్ చూస్తూ చాలాసేపు కూర్చున్నా. నా పాయింటు చుట్టూ, లెక్కకు ఆధారంగా వాడిన శాశ్వత ఉపగ్రహ రిసీవర్ స్టేషన్లు: హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్, బెంగళూరు ఐఐఎస్‌సీ స్టేషన్, పైన లాసా, కింద హిందూ మహాసముద్రంలో డియేగో గార్సియా. లెక్క కట్టింది స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ల సాఫ్ట్‌వేర్. ఉపగ్రహాల కచ్చితమైన కక్ష్యలు ఇచ్చింది ఐజీఎస్ అనే అంతర్జాతీయ సేవ. 1994 నుంచి రెండొందలకు పైగా సంస్థలు కలిసి దాన్ని నడుపుతున్నాయి. మన దగ్గర పక్క మండలంలో ఒక ఎఫ్ఎంబీ (సర్వే నంబరు హద్దుల కొలతలుండే పటం) కాపీ అడిగితే వారం తిప్పిస్తారు. అక్కడ ముఖం తెలియని వాళ్లు నెల్లూరు పాయింటు కోసం తమ స్టేషన్ల డేటా రోజూ ఊరికే ఇస్తున్నారు.

ఇక అసలు చిక్కు. 2017లో చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీ లీజు హద్దులకు కంట్రోల్ పాయింట్లు (మిగతా కొలతలకు ఆధారమయ్యే గుర్తులు) పెట్టా. 2023లో వేరే టీమ్ వచ్చి అదే రాయి మీద రిసీవర్ పెట్టి, అదే సేవకు ఫైలు పంపింది. 32 సెంటీమీటర్లు తేడా! తప్పు నాదేనన్నారు, బిల్లు ఆపేశారు. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. పాత ఫైళ్లన్నీ తిరగేస్తే అర్థమైంది: రాయి కదల్లేదు, దాని కింద దేశమే కదిలింది. మన భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. ఆస్‌పాస్ మనకిచ్చే కోఆర్డినేట్లు కొలిచిన రోజువి. ఆరేళ్ల జరుగుడు లెక్క వేస్తే రెండు రిపోర్టులూ వేళ్ల మందం తేడాతో కలిసిపోయాయి. ఈ సంగతి రిపోర్టులో ఉంటుంది, కాకపోతే ఒక్క లైనులో. నేను మార్కులిస్తే ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది ఈ లైను పెద్ద అక్షరాల్లో వేయనందుకే. ఇప్పుడు నా ప్రతి డ్రాయింగులోనూ కోఆర్డినేట్ల పక్కన కొలిచిన తేదీ ఉంటుంది.

నా తప్పులు లేవని కాదు. ఒకసారి చైన్‌మన్ టేపుతో వాలుగా కొలిచిన యాంటెన్నా ఎత్తును నిలువు ఎత్తుగా వేసి పంపించా. కాలువ లెవెల్స్ మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

ఇలాంటిదే కెనడా వాళ్ల పీపీపీ సేవ కూడా వాడతా. అదీ ఉచితమే, ఖాతా మాత్రం తెరవాలి. నడుస్తూ తీసిన డేటాను కూడా తీసుకుంటుంది, ఆస్‌పాస్ తీసుకోదు. ముఖ్యమైన పాయింటైతే రెండుచోట్లకూ పంపి పోల్చుకుంటా. భూముల రీసర్వే వచ్చాక కార్స్ రోవర్లు (శాశ్వత స్టేషన్ల నుంచి సిగ్నల్ అందుకుని అక్కడికక్కడే కోఆర్డినేట్లు ఇచ్చే రిసీవర్లు) ఊరూరా తిరుగుతున్నాయి కాబట్టి నా అవసరం కొంత తగ్గింది. సిగ్నల్ అందని గుట్టల్లో మాత్రం ఇప్పటికీ ఇదే దిక్కు.

గట్టు తగాదాలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. కావలి దగ్గర అన్నదమ్ముల పొలంలో ఐదు గంటలు రిసీవర్ పెట్టి సెంటీమీటర్ లెక్కలు తెచ్చా. పెద్దాయన కాగితం వంక కూడా చూడలేదు. "అయ్యన్నీ ఎందుకు సార్, మా నాయన పాతించిన రాయి యాడుందో చెప్పు" అన్నాడు. చివరికి ఎఫ్ఎంబీలో ఉన్న లింకుల (సర్వే గొలుసు కొక్కేల) కొలత పట్టుకుని గొలుసు లాగి, తుమ్మ చెట్టు మొదట్లో గడ్డపారతో తవ్వితే, అడుగున్నర లోతులో రాయి దొరికింది.