నూక తగ్గించడమా, ఊకకు ధర రాబట్టడమా: రైసుమిల్లుకు ఏది మేలు?

తెలంగాణలోని పెద్దపల్లి, సుల్తానాబాద్, జమ్మికుంట, నర్సంపేట ప్రాంతాల్లో మిల్లు నడిపేవారు వృథాను తగ్గించి లాభం పెంచుకోవాలనుకున్నప్పుడు వారి ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. మొదటిది, ధాన్యం ఆడించేటప్పుడే గింజ విరగకుండా చూసుకోవడం. రెండవది, ఎలాగూ వచ్చే ఊక, తవుడు, బూడిద నుంచి మరింత రాబడి తీయడం. నూరు కిలోల వడ్లలో ఇంచుమించు 20 కిలోలు ఊకగానే పోతుంది కాబట్టి రెండవ దారి పెద్దదిగా కనిపిస్తుంది. అయితే చూడవలసింది మొత్తం రాబడిని కాదు, కొత్తగా చేకూరే రాబడిని.

గంటకు నాలుగు టన్నుల చొప్పున పది గంటలు ఆడే మిల్లును తీసుకుందాం. రోజుకు 400 క్వింటాళ్ల వడ్లు, నూకతో కలిపి 268 క్వింటాళ్ల బియ్యం, 80 క్వింటాళ్ల ఊక. బియ్యంలో నూక శాతం మూడు తగ్గితే ఎనిమిది క్వింటాళ్లు నూక లెక్క నుంచి నిండు గింజ లెక్కలోకి వస్తాయి. రెండింటి ధరల మధ్య తేడా క్వింటాలుకు 1,500 రూపాయలు అనుకుంటే అది రోజుకు 12,000. ఊక ఇప్పటికే అమ్ముడవుతున్నది, దానికి బేరమాడి క్వింటాలుకు 50 రూపాయలు అదనంగా రాబట్టినా వచ్చేది 4,000. ధరలు మన ఊహవే గాని, ఎవరి మిల్లు ధరలు వారు వేసి చూసుకున్నా సన్న బియ్యం బయట మార్కెట్లో అమ్మేవారికి మొదటి దారే పైచేయిగా తేలుతుందని నా అభిప్రాయం.

పైగా దానికయ్యే ఖర్చు తక్కువ. ఒక్క విడతలోనే వడ్లన్నీ పొట్టు వదలాలని, పొట్టు తీసే యంత్రమైన షెల్లరులోని రబ్బరు రోలర్లను బిగించేస్తారు. అక్కడే గింజ నలుగుతుంది. దోసిట్లోకి తీసుకుని చూస్తే పదింట ఒక గింజ పొట్టుతోనే కనిపించడం తప్పేమీ కాదు, పొట్టు వదలని గింజను వేరుచేసే సెపరేటర్ దానిని తిరిగి షెల్లరుకే పంపుతుంది. రెండు రోలర్లలో వేగంగా తిరిగేది ముందుగా అరుగుతుంది కనుక వాటి స్థానాలు మార్చుతూ ఉండాలి. తేమ 14 శాతం దగ్గర ఉన్నప్పుడు ఆడించడం, డ్రయ్యరులో వేడి ఒక్కసారిగా పెంచకుండా మధ్యలో వడ్లకు విరామమివ్వడం, పాలిష్ అవసరానికి మించకుండా చూడటం కూడా ఇందులోనివే. పాలిష్ మితిమీరితే బియ్యం ధర పలకవలసిన బరువు తవుడు ధరకు పోతుంది. సార్టెక్స్ కొంటే నూక తగ్గుతుందనుకోవడం మాత్రం పొరపాటు. అది రంగు మారిన గింజను ఏరుతుందే తప్ప విరగకుండా ఆపదు.

ప్రభుత్వ ధాన్యాన్ని మరాడించే మిల్లుకు ఈ లెక్క మారుతుంది. పచ్చి బియ్యమైతే క్వింటాలు వడ్లకు 67 కిలోలు, వడ్లను ఉడకబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. పచ్చి బియ్యంలో ఒక హద్దు వరకు నూకను అనుమతిస్తారు, ఏళ్లపాటు అది 25 శాతంగా ఉండేది. ఆ హద్దు లోపల నూకను ఎంత తగ్గించినా అదనంగా దక్కేదేమీ లేదు. మరాడింపు చార్జీ కూడా తక్కువే కాబట్టి, ఆ మిల్లు నిలిచేది తనకు మిగిలే ఊక, తవుడుల మీదనే. తవుడును నిల్వ ఉంచితే గంటల్లోనే దాని నూనె చెడటం మొదలవుతుంది కనుక ఆ రోజుది ఆ రోజే నూనె మిల్లుకు పంపడం మేలు. ఉప్పుడు బియ్యపు తవుడు ఈ విషయంలో కొంత ఓర్చుకుంటుంది, నూనె శాతం కూడా దానిలోనే ఎక్కువ.

యాసంగి (రబీ) సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలకు గింజ పొలంలోనే లోపల పగులుతుంది, ఆ తరువాత రోలర్లను ఎంత సవరించినా పచ్చిగా ఆడిస్తే నూక తప్పదు. ఉడకబెడితే గింజలోని పిండి పదార్థం మెత్తబడి పగుళ్లు అతుక్కుంటాయి, అందుకే ఇక్కడ యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యానికి పోతాయి; ఉప్పుడు బియ్యం తీసుకోబోమని 2021-22లో కేంద్రం అన్నప్పుడు ఇంత రగడ జరిగింది కూడా ఇందుకే. ఉప్పుడు మిల్లులో బాయిలరుకు ఇంధనం ఊకే కాబట్టి రెండవ దారి ముందుకు వస్తుంది. ఆవిరి గొట్టాలకు తొడుగు వేయడం, ఆవిరి చల్లారిన వేడి నీటిని తిరిగి బాయిలరుకే పంపడం, ఊకను వానకు తడవనీయకపోవడం వంటి పనులతో మిగిలిన ప్రతి క్వింటాలు ఊకా నేరుగా అమ్మకానికి వస్తుంది.

వానాకాలంలో సన్నాలను పచ్చిగా, యాసంగిలో దొడ్డు వడ్లను ఉప్పుడుగా ఆడించే మిల్లుకు రెండూ అవసరమే గాని ఒకే నెలలో కాదు. అక్టోబరులో రోలర్లు, డ్రయ్యరు, పాలిషర్ల మీద డబ్బు పెట్టి, బాయిలరు పనులను మార్చికి వాయిదా వేసుకోవడమే సరైన వరుస.