పెంటాక్స్ 17తో తొమ్మిది రీళ్లు

ఏడాది దాటింది, తొమ్మిది రీళ్లు అయ్యాయి. పెంటాక్స్ 17 గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: చేతిలోంచి దింపబుద్ధి కాని ఫిల్ము కెమెరా ఇది.

దీని పేరులోని 17 ఫ్రేము వెడల్పు, అంటే ఫిల్ము మీద ఒక్కో ఫొటో పడే చోటు వెడల్పు, మిల్లీమీటర్లలో. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద 17×24 కొలతతో సగం ఫ్రేములో బొమ్మ పడుతుంది కనుక, 36 ఫొటోల రీలు 72 ఇస్తుంది. కొన్నప్పుడు ఫిల్ము ఆదా అవుతుందనే సంతోషించాను. వాడాక తెలిసింది వేరు. నా రీలు పూర్తి కావడానికి నెలన్నర పడుతుంది. కడిగించి చూసేసరికి మొదటి ఫొటోలు తీసిన సంగతే మరిచిపోయి ఉంటాను. వాటిని కొత్తవాడిలా చూసుకోవడం నాకెంతో ఇష్టం.

ఫోకస్ మనమే అంచనా వేయాలి. లెన్సు చుట్టూ ఆరు గుర్తులున్నాయి, పువ్వు నుంచి కొండ దాకా. మొదటి రెండు రీళ్లలో నేను ఫోకస్‌ను దగ్గరి గుర్తు మీదే మరిచి దూరపు దృశ్యాలు తీసి, మంచివి చాలానే పోగొట్టుకున్నాను. ఇప్పుడు మనిషి ఎదురుపడగానే మా మధ్య దూరం ఎంతో కన్ను ముందే కొలుస్తోంది. అన్నిటికన్నా దగ్గరి దూరం 25 సెంటీమీటర్లు. కెమెరాతో వచ్చే చేతి పట్టీ పొడవూ దాదాపు అంతే. పట్టీని పువ్వు దాకా చాచి చూసి ఫొటో తీస్తాను. ఇంత చిన్న విషయం మీద ఎవరో శ్రద్ధ పెట్టారు చూడండి!

ఆ శ్రద్ధ ఫిల్మును ముందుకు జరిపే లివరులోనూ ఉంది. 2022 డిసెంబరులో పెంటాక్స్ వాళ్లు ఈ ఫిల్ము కెమెరా ప్రయత్నాన్ని ప్రకటించారు, 2024లో కెమెరా వచ్చింది. చేత్తో తిప్పే యంత్రాంగం కోసం నేటి ఇంజనీర్లు పాతతరం వాళ్ల అనుభవాన్ని అడిగి తెలుసుకున్నారు. బొటనవేలితో లివరు లాగినప్పుడల్లా, ఒక పనితనం తెగిపోకుండా చేతులు మారిందనిపిస్తుంది.

వెలుగు ఎంతసేపు పడాలో తేల్చే షట్టరు వేగం, ఎంత రంధ్రంలోంచి పడాలో తేల్చే అపర్చరు మన చేతిలో ఉండవు. ఎదురు వెలుగులో మనిషిని తీసేటప్పుడు ఫొటో వెలుగును సరిచేసే ఎక్స్‌పోజరు డయలును ఒక మెట్టు పెంచడంతో సరిపెట్టుకుంటున్నాను. చేతి అదుపుతో మరో మోడల్ వస్తే మొదటి వరుసలో నిలబడతాను.

ఫిల్ము సంగతీ చెప్పాలి. ఇల్ఫర్డ్ నలుపు తెలుపు ఫిల్ములు తయారుచేసే ఇంగ్లండు సంస్థ హార్మన్, 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 అనే తన మొదటి రంగుల ఫిల్మును తెచ్చింది. దీపాల చుట్టూ ఎర్రటి వలయం, కొట్టొచ్చినట్టుండే గ్రెయిను, అంటే ఫొటోలో కనిపించే రేణువులు, దాని స్వభావం. సగం ఫ్రేములో ఆ గ్రెయిను మరీ పెద్దదిగా కనిపిస్తుంది, అందుకే ముఖాలకు వాడను. వాన వెలిసిన సాయంత్రాల్లో, తడి రోడ్డు మీద దీపాలు వెలిగే వేళకు మాత్రం నాకు అదే కావాలి. రంగుల ఫిల్ము తయారుచేసే చోట్లు ప్రపంచంలో చాలా కొద్ది. ఆ కొద్దిమందిలోకి కొత్తగా ఒకరు అడుగుపెట్టారు కాబట్టి, ప్రతి మూడో రీలు అదే కొంటున్నాను.